ఇంకో ఫోటో

మగ్దలీనమ్మ స్టూడియో మెట్లెక్కి వస్తుంటే, ఇంకో దుప్పటి అడగడానికి వచ్చిందేమో అనుకున్నాడు ఆ ఫోటో స్టూడియో నడిపే బెన్నీ.

కిందటి క్రిస్మస్‌కు తర్లుపాడులో ముసలోళ్లకు దుప్పట్లు పంచినాడు. ఆమె దుప్పటి అందుకుంటుండగా తీసిన ఫోటోతో తనే ఫ్లెక్సీ తయారుచేసి, మార్కాపురం బస్టాండు ఎదురుగా కట్టించినాడు. ముఖం మీది ముడతలను కంప్యూటర్లో ఇంకాస్త ముదురు చేసినాడు. కింద తన దుకాణం పేరు బంగారు రంగులో వేసినాడు. అది చూసి దూరాన ఉన్న దర్శి నుంచి కూడా ఫ్లెక్సీలకు ఆర్డర్లు వచ్చినాయి.

"ఏందవ్వా, ఇంత దూరం వచ్చినావు?"

"ఒక ఫోటో తీయి నాయనా. నాకు నీ బోర్డు మీదిది తప్ప ఇంకోటి లేదు. రేపు నేను పోతే పిల్లోళ్లు దాన్నే గోడకు తగిలిస్తారు."

"అది బాగలేదా అవ్వా?"

"బాగనే ఉంది. మా పెద్దోడే బస్సు దిగతా దాన్ని చూసి ఏడ్చినాడు. అమ్మకు నేను కూడు పెట్టడం లేదనుకోరా ఊరంతా అని."

బెన్నీ ఆమె ముఖంలోకి చూడలేకపోయినాడు.

"దాన్ని ఇయ్యాలే దింపిస్తానవ్వా" అని, కుర్చీ వేసి కూర్చోబెట్టినాడు. చాలాసేపు లైట్లు సర్దుతూ ఉండిపోయినాడు.

కెమెరా ఎత్తేసరికి ఆమె కాస్త భయంగా అడిగింది.

"నాయనా, ఆ పొద్దు నవ్వొద్దంటివి. ఈసారి నవ్వొచ్చా?"