ఖాళీ సంచి

"చెయ్యి తియ్యి," అంది యాదలక్ష్మి.

మధ్యాహ్నం. బయట సన్నగా వాన. లింగస్వామి భార్య నడుం మీంచి చెయ్యి తీశాడు.

"నేనేమన్న పరాయోణ్నా?"

"నువ్వు కాదయ్యా, నాకు నేనే పరాయిదాన్నయిన. గర్భసంచి తీసినంక ఇగ ఆడదాన్నేంది? ఖాళీ సంచిని ఎంత దులిపితే ఏమొస్తది?"

ఆపరేషనైన మూడేళ్ల నుంచీ ఇదే మాట. ఆమెకూ మనసుంది. ఒళ్లే పలకదు. చెయ్యి తగలగానే కట్టెలా బిగుసుకుపోతుంది.

లింగస్వామి చాప చంకన పెట్టుకున్నాడు. "ఇగ చేను కాడనే పండుకుంట. పందులు రాకుండ కావలన్న కాసినట్టయితది," అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కూతురు వర్షిత కల్వకుర్తి నుంచి తల్లి కడుపునొప్పి స్కానింగు రిపోర్టు తెచ్చి చదివింది.

"గ్యాసేనట అమ్మా. లివరు మంచిగున్నది. కిడ్నీలు మంచిగున్నయి. గర్భసంచి..." ఆగింది. "గర్భసంచి గూడ మంచిగున్నదట!"

"మల్ల సదువు."

మళ్లీ చదివింది.

"అంటే కోసి కుట్టిండ్రు గని, తియ్యనే లేదన్నట్టు! దొంగ సచ్చినోళ్లు!"

అమ్మ ఇంత ముద్దుగా తిట్టడం వర్షిత ఎన్నడూ వినలేదు.

ఆ తర్వాత యాదలక్ష్మి పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. చీర కుచ్చిళ్లు దోపుకుంటూ పొట్టమీద అరచెయ్యి ఆనించి అట్లాగే నిలబడిపోయింది. లోపల ఎక్కడో నిద్రపోతున్న చేప తోక కదిపినట్టుంది. వాన కూడా వెచ్చగా తోచింది.

ఆదివారం కూతురు స్నేహితురాలింటికి పోగానే చేనికి ఫోన్ చేసింది.

"ఏమయ్యా, వానల చాప నానుతదేమో. ఇంటికి రారాదు?"

చాప నానడం గురించి లింగస్వామి ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం ఆమె నీళ్ల మీద వెల్లకిలా తేలింది. ఏది తన చెయ్యో, ఏది అతని చెయ్యో తెలియలేదు. ఒడ్డు తగిలినప్పుడు గట్టిగా నవ్వేసింది, చాలా ఏళ్లకు.

అతను పక్కన కునుకు తీస్తుండగా ఫోన్ మోగింది.

"అమ్మా, స్కానింగు సెంటర్ల పనిచేసే కరుణను. ఏమనుకోకుండ్రి. మొన్న మీకిచ్చిన రిపోర్టు ఇంకో యాదలక్ష్మిది. ఆమెకు ఇంకో కాపీ తీసిచ్చినం. మీ దాంట్ల గర్భసంచి లేదనే ఉన్నది. వచ్చి మార్చుకుంటరా?"

యాదలక్ష్మి ఫోన్ పెట్టేసింది. ఒళ్లు మళ్లీ కట్టె అవుతుందేమోనని చూసింది. కాలేదు. ఇంకాసేపు చూసింది. ఊహూఁ.

"ఎవరే?" అన్నాడు లింగస్వామి మత్తుగా.

"రాంగ్ నంబర్," అంది, అతని వైపు తిరుగుతూ.