పదకొండో జత

కడిగిన గిన్నెలు ఒక్కొక్కటే తుడిచి గూట్లో పెడుతున్న నాన్న చెయ్యి ఆగింది.

"పదకొండో జతా?" అన్నాడు.

"అదొక్కటే, నాన్నా. మిగతా ఇరవై మూడూ బుద్ధిగా ఉన్నాయి. అది మాత్రం మొండికేసింది," అంది కూతురు. బల్లంతా ఆమె కాగితాలే. పది గంటలకి పరిశోధనశాలలో కమిటీ ముందు నిలబడాలి. అప్పటికే ఎనిమిదిన్నర దాటింది.

ఒకే గ్రాఫైట్ దిమ్మ నుంచి పక్కపక్కనే కోసిన రెండు కడ్డీలు, చిటికెనవేలంత. అదీ ఒక జత. ఒకదాని నెత్తిన స్ప్రింగు పెట్టి నొక్కుతారు. రెండోదాన్ని ఊరికే వదిలేస్తారు. అలాంటి ఇరవై నాలుగు జతల్ని రియాక్టర్లో ఒకే వేడిలో, ఒకే రేడియేషన్‌లో ఏడేళ్ళు ఉంచారు. రేడియేషన్ దెబ్బకి అన్నీ కుంచించుకుపోయాయి. నొక్కినవి ఇంకాస్త ఎక్కువ కుంచించుకుపోయాయి. బరువుకి అలా కొద్దికొద్దిగా లొంగుతుంది కాబట్టే రియాక్టర్లోని గ్రాఫైట్ ఇటుక లోపలి ఒత్తిడికి పగలకుండా నిలబడుతుందని ఆమె నివేదిక. పదకొండో జతలో మాత్రం రెండు కడ్డీలూ సరిసమానంగా కుంచించుకుపోయాయి.

"ఒక్క జతేగా. పక్కన పడెయ్."

"కారణం చెప్పకుండా పడేస్తే ఊరుకుంటారా? నీకు నచ్చనివన్నీ ఇలాగే పడేశావా అమ్మాయ్ అంటారు. ఏడేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరే."

"స్ప్రింగు చూడలేదా?"

"కడ్డీలున్న లోహపు కవచం కోసేటప్పుడు అదీ తునకలైంది. చెత్త పీపాలోకి పోయింది."

కిటికీ పక్కన ఉతికిన బట్టలు మడతపెడుతున్న అమ్మ నవ్వింది. "మేస్త్రిగారూ, పిల్లకి ఏదో ఒకటి చెప్పండి. ఆ ముక్కలు మీ వర్క్‌షాపులో పుట్టినవేగా."

అమ్మా నాన్నా ఇద్దరూ ఆ షాపులోనే పనిచేసి నిరుడు రిటైరయ్యారు. ఆయన మేస్త్రి, ఆమె ఆయన కింద పనిమనిషి కాదు, బిగింపులో పనిమంతురాలు. షాపులో ఆయన మాట తను వింది కాబట్టి ఇంట్లో తన మాట ఆయన వినాలని ఆమె లెక్క.

"నాన్నా, బిగించేటప్పుడు ఏమైనా..." కూతురు సగంలో మాట మింగేసింది. ఆయన్ని అడిగే ప్రశ్న కాదది. షాపులో అందరూ ఆయన్ని వెంట్రుకవాసి మేస్త్రి అనేవాళ్ళు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ముక్క వెనక్కి వచ్చేది. ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పు కూడా బయటికి పంపలేదని ఆయన ఫోటో షాపు గోడకి తగిలించారు.

నాన్న గుడ్డ ఆరేసి వచ్చి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"రాసుకోమ్మా. పదకొండోదానికి చీల తియ్యలేదు."

స్ప్రింగుని అణిచి లోపల అమర్చడానికి దానికి ఒక చిన్న చీల గుచ్చుతారు. అమర్చాక ఆ చీల లాగేస్తేనే స్ప్రింగు విచ్చుకుని కడ్డీని నొక్కుతుంది. లాగకపోతే స్ప్రింగు ఉండీ లేనట్టే.

"నీకెలా తెలుసు?"

"మర్నాడు రిజిస్టర్లో సంతకం పెట్టబోతూ, లాగేసిన చీలలు వేసే పళ్ళెం చూశాను. పదకొండో నంబరు చీల అందులో లేదు. అప్పటికే కవచం అతికేసి పంపేశారు."

అమ్మ చేతుల్లోని దుప్పటి మడత జారింది. "పదకొండోదా?" అంది మెల్లగా.

"నువ్వు బట్టలు చూడు," అన్నాడాయన, అటు తిరక్కుండానే.

"తెలిసీ సంతకం పెట్టావా, నాన్నా?"

"పెట్టాను. ఉద్యోగం పోతుందని భయమేసింది."

"నీకా? భయమా?"

"మేస్త్రినైతే మనిషిని కాకుండా పోతానా? ఈ చేతులే బిగించాయి, ఈ చేతులే మర్చిపోయాయి. తప్పు నాదని రాసివ్వు, సంతకం పెడతాను. ఆ జత తీసేస్తే మిగతావి నిలబడతాయిగా?"

"నిలబడతాయి. కానీ షాపులో నీ ఫోటో తీసేస్తారు."

"తియ్యనీ. అందులో నా ముక్కు ఎలాగూ వంకరగా పడింది."

కూతురికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కళ్ళు తుడుచుకుని నాన్న మాటగా రాయడం మొదలుపెట్టింది: పదకొండో జత బిగించినది నేనే. చీల తీయడం మరచినది నేనే. ఆయన కళ్ళజోడైనా వెతుక్కోకుండా కింద సంతకం గీకేశాడు.

"తేదీ వెయ్యాలి, నాన్నా. ఉండు." ఆమె రిజిస్టరు నకలు తిరగేసింది. పదకొండో జత వరస మీద వేలు పెట్టి చదివింది. ఇంకోసారి చదివింది.

"నాన్నా, ఇది నా ఆపరేషన్ రోజు."

"అయితే ఏమైంది? టైమవుతోంది, బయల్దేరు."

"ఆ రోజు నువ్వు షాపుకే వెళ్ళలేదు. రక్తం నీదే కలిసిందని తెల్లారకుండానే ఆసుపత్రికి వచ్చావు. రాత్రిదాకా నా మంచం పక్కనే ఉన్నావు. పని ఆగకూడదని నీ బల్ల దగ్గర అమ్మ..."

ఆమె అమ్మ వైపు తిరిగింది. నాన్న తల వంచుకున్నాడు.

అమ్మ లేచి వచ్చి కూతురి చేతిలో కలం తీసుకుంది. కాగితం మీద భర్త సంతకం కొట్టేసి, పక్కన తన పేరు రాసి, ఆ కాగితం మడిచి పట్టుకుని, గుమ్మం దిగి పరిశోధనశాల వైపు వెళ్ళిపోయింది.