బల్ల కింద చెయ్యి

కౌన్సెలరు చెయ్యి మళ్ళీ బల్ల కిందికి వెళ్ళింది.

ఎదుటి కుర్చీలోని రైలు డ్రైవరు ఓరకంట కనిపెట్టాడు. బయట రైలు కూత పెట్టినప్పుడల్లా ఇదే వరస. చెయ్యి కిందికి పోతుంది, భుజం వెనక్కి కదులుతుంది.

రికార్డరే, అనుమానం లేదు.

ఆమధ్య డ్రైవరు నడిపే రైలుకు ఎదురుగా ఒక మనిషి వచ్చి పట్టాల మీద నిలబడ్డాడు. బ్రేకు లాగినా రైలు ఆగలేదు. అప్పటినుంచి కంటిమీద కునుకు లేదు. కౌన్సెలరు సరేనంటేనే మళ్ళీ ఇంజిను ఎక్కనిస్తామని ఆఫీసు తేల్చేసింది. నోరు జారితే పిచ్చివాడని ముద్ర వేస్తారని అతని భయం.

"మీరేం చదివారు సార్?" కూపీ లాగాడు డ్రైవరు.

"నా సంగతి ఎందుకులెండి. ఈ గది మీ మాటల కోసం."

"మా బాధ మీకేం తెలుస్తుంది?"

"చెబితే వింటాను. చెప్పకపోయినా మీతో కూర్చుంటాను."

అన్నట్టే కూర్చున్నాడు. ప్రశ్న లేదు, సలహా లేదు. ఊరికే కూర్చోవడం కూడా ఒక ఉద్యోగమేనా అని డ్రైవరుకు ఒళ్ళు మండింది.

డ్రైవరు ఈ సంగతి యూనియన్లో తిరిగే బావమరిది చెవిన వేశాడు.

"కూత వినబడ్డప్పుడే ఎందుకు బావా?"

"మీట నొక్కిన చప్పుడు మనకు వినబడకూడదని."

"అమ్మ గడుసువాడా."

ఫిర్యాదు వెళ్ళింది. ఆఫీసు ఆయన్ని పొమ్మంది. కౌన్సెలరు ఎవరితోనూ వాదించలేదు. సంచి సర్దుకుని, గుమ్మం దగ్గర డ్రైవరును చూసి ఆగాడు.

"నిద్ర పట్టకపోతే ఒంటరిగా కూర్చోకండి. ఇంట్లోవాళ్ళను లేపండి, ఏమీ అనుకోరు."

ఆయన అటు వెళ్ళగానే డ్రైవరూ బావమరిదీ బల్ల తిరగేసి చూశారు. కింద ఏమీ లేదు.

"వెంట పట్టుకుపోయాడు," అన్నాడు బావమరిది.

మర్నాడు మధ్యాహ్నం డ్రైవరు భోజనానికి కూర్చున్నాడు. దూరంగా రైలు కూత వినిపించింది.

వడ్డిస్తున్న భార్య ఆగిపోయింది.

"కూత వినబడితే చాలు, చెయ్యి అలా వెనక్కి లాగుతారెందుకండీ?"

"నేనా?"

"ఆ రోజు నుంచీ ఇంతే. బాధపడతారని నేనే అడగలేదు."

డ్రైవరు తన ఎడమచేతి వంక చూసుకున్నాడు. బ్రేకు పట్టుకున్నట్టే పిడికిలి బిగిసి ఉంది. భుజం వెనక్కి లాగి ఉంది.

అలా కదిలే భుజాన్ని ఎక్కడ చూశాడో గుర్తొచ్చింది. ఇప్పుడు చెప్పుకుందామంటే ఆ గదికి తాళం.

ఒకప్పుడు ఆ కౌన్సెలరు నడిపిన రైలు కూడా ఆగలేదన్నమాట.