తలకిందుల వరుస

రాత్రి షట్టర్ దించేసి, స్టిక్కర్లు చేసే ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్కన మిషన్ చివరి ఆర్డర్ కోస్తోంది. ఈలోగా తమ్ముణ్ణి ఏడిపిద్దామని, తిరగేసిన అక్షరాల్లా కనిపించే గుర్తులు ఏరి ఏరి ఒక వరుస పేర్చి పంపింది. ఫోన్ తిప్పకుండా చదవాలి. అదీ పందెం.

"ఇదేం రాతక్కా! కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు తమ్ముడు ఫోన్ స్పీకర్లో.

మిషన్ పని ముగించి ఆగిపోయింది. అప్పుడు ఎవరో ఆ వరుసను తడుముకోకుండా, మెల్లగా చదవడం వినిపించింది.

"షాపులో ఒక్కదాన్నే ఉన్నాను."

"దొంగవెధవా, ఫోన్ తిప్పేశావు కదూ?" అంది.

"నేనింకా మొదటి అక్షరం దగ్గరే ఉన్నా. చదివింది నువ్వు కాదూ?"

ఆ గొంతు ఫోన్లోంచి రాలేదు. పైకప్పు దగ్గర్నుంచి వచ్చింది.

తలెత్తే ధైర్యం లేదు. తెర మీద తలకిందులుగా వెలుగుతున్న వరుసను చెరిపేసి, ఈసారి తిన్నగానే కొట్టింది: "ఎవరు?"

సరిగ్గా ఆమె నెత్తి మీద, ఆ గొంతు తడబడింది. చదువు రాని పిల్లలా కూడబలుక్కుంటోంది.

"ఎ... వ..."