వీధి మధ్య గీత

"మీ ఇంటి సంగతి మాత్రమే చెప్పండి, వెల్మా గారూ. ఎదురింటి వాళ్ళ తరఫున అడగడానికి మీకు హక్కు లేదు" అన్నాడు బడుల బోర్డు అధ్యక్షుడు హాస్కెల్, కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంటూ.

వెల్మా మైకును రెండు చేతులా పట్టుకుంది. హాస్కెల్ వెనక గోడ మీద ఊరి పటం వేలాడుతోంది. టానర్ వీధి నడుమ నిలువునా ఎర్రగీత. గీతకు ఇవతల వెల్మా ఇల్లు, పాత బడికి. అవతల బెర్నడీన్ ఇల్లు, కొత్త బడికి. రోజూ చేతులు పట్టుకుని బడికి నడిచి వెళ్ళే వాళ్ళ మనవరాళ్ళు, వచ్చే ఏటి నుంచి ఒకరిటు, ఒకరటు.

"అది కాదు బాబూ. ఐవీ పక్కన లేకపోతే మా టెస్సా బడిలో నోరు విప్పదు. చలికాలంలో ఐవీకి జ్వరం వచ్చి ఓ రోజు బడి మానేస్తే, బాత్రూంకి వెళ్తానని టీచర్ని అడగలేక తడిబట్టలతో ఇంటికొచ్చింది. రెండో తరగతి పిల్ల! అందుకని ఆ ఐవీని..."

"మళ్ళీ ఎదురింటికే వెళ్తున్నారు. వీధికి అవతలి వాళ్ళు చెప్పుకోవలసింది మంగళవారమే చెప్పుకున్నారు. ఇవాళ మీ వైపు వంతు. ఇంకొక్క నిమిషం ఉందమ్మా."

వెనక వరసల నిండా ఆకుపచ్చ చొక్కాలు. అన్నిటి మీదా 'మా బడి వదలం' అని అచ్చు. అలాంటిదే ఒకటి వెల్మా కూడా తన గౌను మీద తొడుక్కుని వచ్చింది. వాళ్ళంతా వసంతకాలం పొడుగునా అరిచి అరిచి అలిసిపోయారు. ఒకాయన కూర్చున్నచోటే గురక పెడుతున్నాడు.

మంగళవారం బెర్నడీన్ ఇక్కడికి వచ్చి ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది! ఎందుకు వస్తుంది? పటం బయటపడ్డ రోజునే పోస్టు డబ్బా దగ్గర నిలబడి, "కొత్త బడిలో ఈతకొలను కూడా ఉందటలే" అంది. "అయితే సంబరంగా పో!" అని వెల్మా తలుపు ధడాలున వేసుకుంది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏళ్ళ తరబడి కలిసి కాఫీ తాగిన మనుషులు, చెత్తబుట్టలు బయట పెట్టేటప్పుడు కూడా తలలు తిప్పుకుంటున్నారు. పిల్లలు మాత్రం ఎప్పటిలాగే వీధి దాటుతున్నారు.

తన మనవరాలి గురించి అడిగే హక్కయితే తనకుంది కదా!

"అలాగయితే మా టెస్సానీ కొత్త బడికే పంపించేయండి" అంది వెల్మా.

హాలంతా ఒక్కసారిగా గగ్గోలెత్తింది. గురక పెట్టే ఆయన ఉలిక్కిపడి లేచాడు.

"ఇదేం పోయేకాలం, వెల్మా పెద్దమ్మా!" పక్కింటి డ్వైట్ కుర్చీలోంచి లేచి అరిచాడు. "మా చొక్కా తొడుక్కుని వెళ్ళి వాళ్ళ పాట పాడతావా? ముందు ఆ చొక్కా విప్పి ఇలా ఇచ్చెయ్!"

"ఇంటికెళ్ళాక ఉతికిస్తాలేరా. అరవకు" అంది వెల్మా వెనక్కి తిరక్కుండానే.

హాస్కెల్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "బాగా ఆలోచించే అంటున్నారా? పాత బడి మీ ఇంటికి నాలుగడుగులు. కొత్తదానికి బస్సెక్కాలి. ఇదే ఆఖరి సమావేశం. మేం చేతులెత్తి ఓటేశామంటే ఐదేళ్ళ దాకా ఎవరొచ్చి ఏడ్చినా మార్చం."

బస్సు! ఎవరైనా బస్సెక్కుతుంటే వెల్మా చూసి తట్టుకోలేదు. అద్దంలోంచి చెయ్యి ఊపినవాళ్ళు మళ్ళీ కనబడరేమోనని భయం. ఇక రోజూ పొద్దున్నే ఆ పసిదాన్ని తన చేత్తోనే ఎక్కించాలి. పోనీ, ఒంటరిగా ఎక్కదుగా. పక్కన ఐవీ ఉంటుంది.

"ఆలోచించే అంటున్నాను, బాబూ."

హాస్కెల్ పక్కనున్న ఆవిడ ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆ సాయంత్రం మొదటిసారి ఆయన మొహంలో చిన్న నవ్వు కనిపించింది. "ఉన్నది వదులుకుంటానన్న మనిషిని ఇప్పటికి చూశాం. పాత బడిలో ఒక్క సీటు ఖాళీ అయితే చాలని ఎదురుచూసేవాళ్ళూ ఉన్నారు. ఏమంటారు?"

బోర్డువాళ్ళంతా చేతులెత్తారు.

వెల్మా టానర్ వీధి మలుపు తిరిగేసరికి ఇంకా వెలుతురుంది. కాళ్ళు పీకుతున్నాయి. అయినా ఇంటివైపు తిరగకుండా నేరుగా బెర్నడీన్ గుమ్మానికే నడిచింది. ఆమె తట్టకముందే తలుపు తెరుచుకుంది. బెర్నడీన్ చేతిలో ఫోను, కళ్ళ నిండా నీళ్ళు.

"నీకో మాట చెప్పాలే" అంది వెల్మా.

"నోర్మూసుకో, ముందు నేను చెప్పాలి. మొండిదానా, ఇన్నాళ్ళు మాట్లాడకుండా ఎలా ఉండగలిగావే? ఆ ఈతకొలను మాట ఏడుపు ఆపుకోలేక అన్నాను. ఆ మాత్రం తెలుసుకోలేకపోయావా?" బెర్నడీన్ ఆమెను గట్టిగా వాటేసుకుంది. "మంగళవారం వెళ్ళి, మా ఐవీని పాత బడిలోనే ఉంచమని వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డానే. సీటు లేదు, ఖాళీ అయితే చూస్తాం, అదీ ఇవాళ్టితో ఆఖరు అన్నారు. నీకు లేనిపోని ఆశ పెట్టడం ఎందుకని చెప్పలేదు."

బెర్నడీన్ చేతిలోని ఫోను వెల్మా మొహం ముందుకు తెచ్చింది.

"ఇదిగో, ఇప్పుడే కబురొచ్చింది, ఐవీకి పాత బడిలో సీటు ఖాయమట. ఎవరో మహాతల్లి తనది వదిలేసుకుందటే!"