మంచు పెట్టె

"ఆపరేషన్ ఎవరికమ్మా?"

రాజమండ్రి ఆస్పత్రి వరండాలో కూర్చున్న నాగశ్రీ తలెత్తింది. రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని తెల్లపంచె పెద్దాయన.

"మా చెల్లి మంజుషకండి. రేపే. కడుపులో కేన్సర్ గడ్డ."

"తీసిన గడ్డలో చిన్నముక్క ఇప్పించమ్మా. మంచులో పెట్టి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నేనే పట్టుకెళతాను. హైదరాబాదు ల్యాబులో దానిమీద రకరకాల మందులు వేసి చూస్తారు. ఏ మందుకి చస్తే ఆ మందే మీ చెల్లికి ఎక్కించొచ్చు."

"ఆ మాటేదో డాక్టరుగారికే చెప్పొచ్చుగా?"

ఆయన తల దించుకున్నాడు.

"నేను చెబితే వినరమ్మా. మీరడగండి. ముక్కని ఫార్మలిన్‌లో మాత్రం వేయనివ్వకండి. ఆ మందునీళ్ళలో పడితే గడ్డలో ప్రాణం పోతుంది, ఇక ఈ పరీక్షకి పనికిరాదు."

ఆస్పత్రి అన్నాక కమీషన్ మనుషులకి కొదవా అనుకుంది నాగశ్రీ. అయినా మనసాగక సర్జన్ శ్రీకాంత్‌గారిని అడిగింది.

ఆయన మొహం నల్లబడింది.

"అది రుజువైన పరీక్ష కాదండి. అందరికీ ఇచ్చే మందే ఇస్తాం. మీ చెల్లిమీద ప్రయోగాలు చేయమంటారా?"

నాగశ్రీ డాక్టరు మీద చూపలేని కోపమంతా వరండాలో పెద్దాయన మీద చూపించింది.

"చావుబతుకుల్లో ఉన్నవాళ్ళతోనా మీ బేరాలు? ఆ రొయ్యల పెట్టె తీసుకుని పొండి!"

ఆయన పెట్టె తీసుకుని లేచి అవతలి బల్లమీద కూర్చున్నాడు. చిత్రం, ఆస్పత్రిలో ఒక్కరూ ఆయన్ని పొమ్మనలేదు.

ముక్క ఫార్మలిన్‌లోకే వెళ్ళింది.

అందరికీ ఇచ్చే మందు మంజుష జుట్టునీ ఆకలినీ పట్టుకుపోయింది గానీ జబ్బుని కదల్చలేదు. వానలు మొదలయ్యేసరికి గడ్డ మళ్ళీ పెరిగింది. మళ్ళీ ఆపరేషన్ అన్నారు.

చెల్లిని థియేటర్‌లోకి తీసుకెళ్ళగానే నాగశ్రీ పెద్దాయన కోసం ఆస్పత్రంతా గాలించింది. కాళ్ళమీద పడైనా ఈసారి ముక్క పంపించాలి. బల్ల ఖాళీగా ఉంది.

"ఆయన పోయారమ్మా, కిందటి నెల" అంది నర్సు లోవలక్ష్మి.

నాగశ్రీ ఆ బల్లమీదే కూలబడింది.

చాలాసేపటికి థియేటర్ తలుపు తెరుచుకుంది. శ్రీకాంత్‌గారు. చేతిలో అదే పెట్టె, మూత సందులోంచి మంచునీళ్ళు కారుతున్నాయి.

"మా మనిషిని సాయంత్రం గౌతమికి పంపిస్తున్నానండి. ల్యాబుకి ఎస్టీడీ ఫోన్ చేశాను. ఫలితం ఉంటుందో లేదో నాకిప్పటికీ తెలీదు. కానీ పంపుదాం."

"ఈ పెట్టె ఆ పెద్దాయనది కదండీ?"

ఆయన పెట్టె మూత గట్టిగా నొక్కారు.

"మా మావగారిదండి. పోయిన మా ఆవిడకి ఆపరేషన్ చేసినరోజు మొదటిసారి తెచ్చారు, ఆ ముక్కని కూడా నేను ఫార్మలిన్‌లోనే వేయించాను."