ఎనిమిదో మోలీ

"ఇక మీకు చేప అమ్మను," అన్నాడు చేపల షాపు యజమాని, చేతిలోని వలను తొట్టి మీది నుంచి పక్కకు తీసేస్తూ.

కౌంటరు అవతల నిలబడ్డ కండక్టరమ్మ భుజాన ఉన్న టికెట్ల సంచిని సర్దుకుంది. బస్సు దిగి తిన్నగా వచ్చినట్టుంది, ముఖాన చెమట ఇంకా ఆరలేదు. రెండు నెలలుగా ఆమె దాదాపు వారం వారం వస్తోంది. వచ్చినప్పుడల్లా ఒకే ఒక్క ఎర్ర మోలీ చేప. జత ఇస్తానంటే వద్దంటుంది. వేరే రంగు చూపిస్తే తల అడ్డంగా ఊపుతుంది.

"ఏడు చేపలు తీసుకెళ్ళారు. ఏమయ్యాయి?"

"లేవు," అంది ఆమె.

"లేవంటే, చచ్చాయా?"

ఆమె సంచిలోంచి చేప డబ్బులు తీసి కౌంటరు మీద పెట్టింది.

కూతుర్ని ఇచ్చేటప్పుడు కూడా అతను అన్ని ప్రశ్నలు వేసి ఉండడు. కుళాయి నీళ్ళు నేరుగా పోస్తున్నారా అని అడిగాడు. లేదు, ఒక రోజంతా బకెట్లో నిలవ ఉంచాకే పోస్తున్నానంది. తొట్టి మొత్తం ఖాళీ చేసి కడిగేస్తున్నారేమో అన్నాడు. వారానికి నాలుగో వంతు నీళ్ళే మారుస్తున్నానంది. మేత సంగతి అడిగితే, రెండు నిమిషాల్లో తినేసేంత చిటికెడు, అంతేనంది. చివరికి ఫిల్టరు స్పాంజి దగ్గర దొరుకుతుందనుకున్నాడు. అందరూ దాన్ని సబ్బుతో ఉతికి చేపల ప్రాణం తీస్తారు. ఆమె మాత్రం తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండుతోందట.

ఒప్పజెప్పిన పాఠంలా ఎక్కడా తడబడలేదు. అదే అతనికి మింగుడు పడలేదు. తెలియనివాళ్ళ చేతుల్లో చేపలు చావడం ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదే. ఇంత తెలిసిన మనిషి ఇంట్లో ఏడు చేపలు మాయమయ్యాయంటే ఇందులో ఏదో ఉంది. ఏ రాక్షసి చేపనో పెంచుతూ దానికి వీటిని మేత వేస్తోందా? ఎవడో నాటువైద్యుడు చెప్పాడని నూరి మింగుతోందా?

"ముందు మీ తొట్టి చూడాలి," అన్నాడు. "ఆ తర్వాతే చేప."

సరేనంది ఆమె. "చేపను కూడా పట్టుకురండన్నా. కానీ ఇంట్లో నేను చెప్పిన చోట నిలబడాలి. గట్టిగా మాట్లాడకూడదు."

అసలే అనుమానపు మనిషి. ఆ మాటతో అతని అనుమానానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. మోలీని ప్లాస్టిక్ సంచిలోకి పట్టి, గాలి నింపి ముడివేసి, షట్టరు దించి బయల్దేరాడు.

పార్కుకి ఎదురుగా రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తొట్టి గోడవారగా బల్ల మీద ఉంది. అతను దాని ముందు వంగి వాసన చూశాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి. థర్మామీటరు ఇరవై ఆరు దగ్గరుంది. మొక్కలు పచ్చగా ఉన్నాయి. మూతకు కొక్కెం వేసి ఉంది, చేప ఎగిరి బయట పడే వీలే లేదు. ఇంట్లో పిల్లి కూడా లేదు. ఇంత పొందికైన తొట్టిలో ఒక్కటంటే ఒక్క చేప లేదు.

పక్క గది తలుపు మూసి ఉంది. దాని వెనక ఎవరో నడుస్తున్నారు. ఆరడుగులు వేయడం, ఆగడం, మళ్ళీ ఆరడుగులు.

"లోపల ఎవరు?"

"తమ్ముడు," అంది. "చేపను వదలండన్నా."

అతను సంచిని నీళ్ళ మీద తేలనిచ్చి, మధ్యమధ్య తొట్టి నీళ్ళు కొద్దికొద్దిగా అందులో కలిపాడు. పావుగంట తర్వాత చేపను వదిలాడు. అది కాసేపు మొక్క వెనక నక్కి, ఆ పైన అద్దం దాకా ఈది, మూతి తగిలి వెనక్కి తిరిగి, రెండో వైపు అద్దం దాకా వెళ్ళింది. కండక్టరమ్మ అతన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు ఓరగా వేసింది. కొత్తది వచ్చిందిరా అని తమ్ముడికి వినపడేలా చెప్పింది.

గది తలుపు తెరుచుకుంది. నలభై ఏళ్ళ మనిషి. ఎండ ముఖం ఎరగనట్టు పాలిపోయి ఉన్నాడు. తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. చేప అటు వెళ్తే అతని తల అటు, ఇటు వస్తే ఇటు. చాలాసేపు అలాగే చూశాడు. తర్వాత లేచి కొక్కెం తీసి, స్టీలు మగ్గుతో నీళ్ళతో సహా చేపను ముంచి తీశాడు.

షాపు యజమాని ముందుకు దూకబోయాడు. కండక్టరమ్మ అతని మణికట్టు పట్టుకుంది. బస్సులో జేబుదొంగను పట్టుకున్నట్టే ఉంది ఆ పట్టు.

తమ్ముడు చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఒక కాలు బయట పెట్టి, వెనక్కి తీసుకున్నాడు. మగ్గులోకి చూసుకున్నాడు. ఈసారి రెండు కాళ్ళూ బయట పెట్టి మెట్లు దిగాడు.

ఇద్దరూ వంటింటి కిటికీలోంచి చూశారు. అతను మగ్గును గుండెకు హత్తుకుని రోడ్డు దాటి, పార్కులో తామరాకుల కొలను దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మగ్గు వంచాడు. ఎర్రటి చుక్క ఒకటి ఆకుల కిందికి జారిపోయింది. అతను వెంటనే లేవలేదు. గట్టు మీద ఎండలో కూర్చున్నాడు. పక్కనున్న ముసలాయన ఏదో అడిగితే ఏదో చెప్పాడు.

షాపు యజమాని ఉడికిపోయాడు. ఏడూ ఆ కొలనుకేనా అన్నాడు. మనిషికి మతి సరిగ్గా లేకపోతే ఇంటివాళ్ళకైనా ఉండాలన్నాడు.

"మూతకి తాళం వేస్తే పోయేదానికి, వారం వారం కొత్త చేప కొనడం ఏమిటమ్మా?"

ఆమె కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"తొమ్మిదేళ్ళు జైల్లో ఉండి వచ్చాడన్నా. తొట్టిలో చేప ఉన్న రోజు తప్ప వాడు గడప దాటడు."